పీహెచ్‌డీ అయింది, ఉద్యోగం రాలేదు: మధ్యలో ఈ పోస్ట్‌డాక్ ఏమిటి?

ఒకప్పుడు మా ల్యాబ్‌లో జూనియర్‌గా ఉన్న అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసింది. బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ వైవా అయిపోయి మూడు వారాలైంది. చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి హబ్సిగూడ వైపు ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో, ప్రాజెక్టు మీద రీసెర్చ్ అసోసియేట్ (ఆర్ఏ) పోస్టు, ఇక్కడి పోస్ట్‌డాక్ అన్నమాట. రెండోది జర్మనీలో పోస్ట్‌డాక్. "అక్కా, ఏది తీసుకోమంటావు?" అని అడుగుతుంటే వెనక నుంచి వాళ్లమ్మ గొంతు వినపడింది: "ముందు పర్మినెంటో కాదో అడుగు బిడ్డా!"

వాళ్లమ్మకు జవాబు చెప్పడం తేలిక. రెండూ పర్మినెంట్ కావు. కూతురి ప్రశ్నకే గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో మాట్లాడిందే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను. నేను కూడా ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేసి, మూడేళ్లు అమెరికాలో, రెండేళ్లు హైదరాబాద్‌లో పోస్ట్‌డాక్ చేసి, ఇప్పుడు శామీర్‌పేట వైపు ఒక కంపెనీలో ప్రొటీన్లు శుద్ధి చేసే విభాగంలో పని చేస్తున్నాను. ఆ ఐదేళ్లలో నాకు ఎవరూ చెప్పని సంగతులే ఇందులో ఎక్కువ.

పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక ఓ ప్రొఫెసర్ ల్యాబ్‌లో కొన్నేళ్లు చేసే తాత్కాలిక పరిశోధన పని. అది డిగ్రీ కాదు. పరీక్ష ఉండదు, కాన్వొకేషన్ ఉండదు, చివర్లో విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఉండదు. పోనీ ఉద్యోగమా అంటే, సర్వీసు లెక్కలోకి వచ్చే ఉద్యోగమూ కాదు. లా చదివి పట్టా చేతికొచ్చాక పేరున్న సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరతారు చూడండి, దాదాపు అలాంటిది. సీనియర్ కేసుల మీద పని చేస్తూనే తనకంటూ ఓ పేరు తెచ్చుకోవాలి. గైడ్ ఇచ్చిన ప్రశ్నకు సమాధానం వెతకడం పీహెచ్‌డీలో నేర్చుకుంటాం. ప్రశ్న కూడా మనమే వేయగలమని పోస్ట్‌డాక్‌లో చూపించాలి. కానీ అదే సమయంలో, జీతమిచ్చే ప్రొఫెసర్ ప్రాజెక్టును ముందుకు నడిపించే చెయ్యి కూడా మనదే. ఈ రెండు పనులూ ఒకే రోజులో, ఒకే బెంచ్ మీద జరగాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నోటీసులో చివరి లైన్

ఇక్కడి ల్యాబ్‌లు ఇచ్చే వాక్-ఇన్ ఇంటర్వ్యూ నోటీసులు చూసినవాళ్లకు ఒక వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. ఈ పోస్టు పూర్తిగా తాత్కాలికం, ప్రాజెక్టుతోపాటే ముగుస్తుంది. చాలామంది దాన్ని మామూలు మాటే అని దాటేస్తారు. నిజానికి ఆ నోటీసులో అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం అదే.

పోస్ట్‌డాక్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న దాన్ని బట్టి అతని స్వేచ్ఛ ఉంటుంది. ప్రొఫెసర్‌కు వచ్చిన గ్రాంటులోంచి జీతం వస్తే మీరు ప్రాజెక్టు ఆర్ఏ. గ్రాంటులో ఏం రాసి ఉందో ఆ పనే చేయాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఇచ్చే సీఎస్‌ఐఆర్ రీసెర్చ్ అసోసియేట్‌షిప్, బయోటెక్నాలజీ విభాగం వాళ్ల డీబీటీ-ఆర్ఏ, నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ లాంటివి మీ పేరు మీద వస్తాయి. ఆ డబ్బు మీతో ఉంటుంది కాబట్టి ల్యాబ్‌లో మీ మాటకు విలువ ఉంటుంది. నేషనల్ ఫెలోషిప్‌ను మొన్నటిదాకా ఎస్‌ఈఆర్‌బీ అనే కేంద్ర సంస్థ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఇస్తోంది. గడువు రెండేళ్లు, వయసు 35 దాటకూడదు, మహిళలకూ రిజర్వుడు వర్గాలకూ సడలింపు ఉంది. డీబీటీ వాళ్ల ఎం.కె. భాన్ ఫెలోషిప్ ఇంకాస్త నయం. మూడేళ్లు, నెలకు 75,000 రూపాయలు, పరిశోధన ఖర్చులకు వేరే నిధులు.

ప్రాజెక్టు ఆర్ఏ జీతం విషయానికొస్తే, 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం మూడు స్థాయులున్నాయి: నెలకు 58,000, 61,000, 67,000. ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ మొదలుపెట్టే జూనియర్ రీసెర్చ్ ఫెలో(జేఆర్ఎఫ్)కు అదే లెక్కలో 37,000. కాగితం మీద ఇవి మరీ తక్కువేమీ కావు. కానీ కాగితానికీ బ్యాంకు ఖాతాకూ మధ్య యూసీ అనే ఓ అడ్డుగోడ ఉంది. యుటిలైజేషన్ సర్టిఫికెట్ అంటే, పోయిన ఏడాది ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో సంస్థ సంతకం పెట్టి పంపే పత్రం. అది వెళ్లనిదే తర్వాతి విడత రాదు. నేను ఇక్కడ ఆర్ఏగా ఉన్న రెండో ఏడు ఆ పత్రం ఒక సంతకం కోసం ఓ టేబుల్ మీద ఆగిపోయింది. నాలుగు నెలలు జీతం రాలేదు. మా ప్రొఫెసర్ తప్పేం లేదు, ఆయన రోజూ అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరిగేవారు. నేను మాత్రం సీతాఫల్‌మండిలో ఇంటి ఓనర్‌ ఎదురుపడకుండా పొద్దున్నే ఏడింటికే బయటపడేదాన్ని. చివరికి నాలుగు నెలల జీతం ఒకేసారి పడింది. కానీ ఆ నాలుగు నెలల్లో నేను చేసిన ప్రయోగాల నోట్‌బుక్ తిరగేస్తే ఇప్పటికీ తెలుస్తుంది, మనసు ఎక్కడుందో.

అందుకే మా జూనియర్‌కు చెప్పిన మొదటి మాట ఇది: ప్రాజెక్టు శాంక్షన్ ఆర్డర్ ఏ తేదీన వచ్చింది, ఇంకెన్ని నెలలు మిగిలాయి, అడుగు. మూడేళ్ల ప్రాజెక్టని నోటీసులో ఉంటుంది. నువ్వు చేరేసరికి అందులో ఏడాదిన్నర గడిచిపోయి ఉండొచ్చు.

నాలుగు డిగ్రీల గదిలో

బయోకెమిస్ట్రీలో పోస్ట్‌డాక్ ఎందుకు సాగుతుందో బయటివాళ్లకు చెప్పడం కష్టం. ఒక్క ప్రొటీన్ కథ చెబితే కొంతవరకు అర్థమవుతుంది.

మీకు కావాల్సిన ప్రొటీన్ జన్యువును ఈ-కొలి బ్యాక్టీరియాలో పెట్టి పెంచుతారు. కల్చర్ తగినంత చిక్కబడ్డాక ఐపీటీజీ అనే రసాయనం వేస్తే బ్యాక్టీరియా ఆ ప్రొటీన్‌ను తయారు చేయడం మొదలుపెడుతుంది. చాలా ప్రొటీన్లకు ఆ రాత్రంతా 18 డిగ్రీల్లో షేకర్ తిరగాలి. పొద్దున్నే కణాలను కిందికి దింపి, సోనికేటర్ అనే శబ్దతరంగాల యంత్రంతో పగలగొట్టి, ఆ ద్రవాన్ని నికెల్ కాలమ్ గుండా పంపిస్తారు. మీ ప్రొటీన్‌కు తగిలించిన హిస్టిడీన్ తోక నికెల్‌ను పట్టుకుని ఆగిపోతుంది, మిగతావి కారిపోతాయి. తర్వాత ఇమిడజోల్ అనే రసాయనంతో దాన్ని విడిపించి, ప్రొటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద నడిపి, నీలం రంగు వేసి చూస్తే ఒకే ఒక్క గీత కనపడాలి. పుస్తకంలో ఇది అర పేజీ.

నా మొదటి పోస్ట్‌డాక్‌ ప్రొటీన్ ఎనిమిది నెలలు కరగలేదు. తయారైనదంతా బ్యాక్టీరియా లోపలే ముద్దకట్టి అడుగున చేరేది. ఉష్ణోగ్రత మార్చాం, బ్యాక్టీరియా రకం మార్చాం, తోక మార్చాం. ఇక్కడికొచ్చాక మొదలుపెట్టిన రెండో ప్రొటీన్ కరిగింది, జెల్ మీద ఒకే గీత వచ్చింది. మే నెల. బయట ఉప్పల్ రోడ్డు మీద ఎండ 42 దాటింది. నేను స్వెటర్ వేసుకుని నాలుగు డిగ్రీల కోల్డ్ రూమ్‌లో కూర్చుని, ప్రొటీన్‌ను చిక్కబరిచే చిన్న గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లోంచి తీశాను. నీళ్లలా తేటగా ఉండాల్సింది పల్చటి మజ్జిగలా ఉంది. చిక్కబడే కొద్దీ ప్రొటీన్ విరిగిపోయింది. రెండు నెలల పని, అరచేతిలో రెండు మిల్లీలీటర్లు. ప్రొటీన్‌ను ఉంచే ద్రావణం, అంటే బఫర్‌లో ఉప్పు పెంచి, కొంచెం గ్లిసరాల్ కలిపితే నిలబడుతుందని తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది.

ఇది దురదృష్టం కథ కాదు, ఈ సబ్జెక్టులో సాధారణ దినచర్య. అలా ఓ ప్రొటీన్ నిలబడ్డాకే దాని ఎంజైమ్ గుణాలు, నిర్మాణం, కణంలో దాని పని, అన్నీ మొదలవుతాయి. ఆ తర్వాత పేపర్ రాయడం, రివ్యూయర్లు ఇంకో ఆరు నెలల ప్రయోగాలు అడగడం. అమెరికాలో నేను చేసిన పని పేపర్‌గా పడింది నేను తిరిగొచ్చిన 14 నెలలకి. పైగా మధ్యలో ఆట నియమాలే మారిపోవచ్చు. 2021లో ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ వచ్చి, అమైనో ఆమ్లాల వరుస ఇస్తే చాలు, ప్రొటీన్ ఆకారాన్ని చాలావరకు ఊహించి చెప్పడం మొదలుపెట్టింది. దానికి 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. ఒక ఆకారాన్ని తేల్చడమే లక్ష్యంగా పోస్ట్‌డాక్ మొదలుపెట్టినవాళ్లు, ఆకారం సరే, దానితో కొత్తగా ఏం తెలిసింది అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది.

ప్రొటీన్‌కు మన వయసు తెలియదు. నోటిఫికేషన్లకు మాత్రం వయసే ముందు.

రెండు రకాల గడువులు

మన దగ్గర చాలా పోస్టులకూ ఫెలోషిప్‌లకూ పుట్టినరోజు నుంచి లెక్క. సీఎస్‌ఐఆర్ ల్యాబ్‌లలో సైంటిస్ట్ పోస్టుకు సాధారణ వయో పరిమితి 32, సీనియర్ సైంటిస్ట్‌కు 37. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు 27 నుంచి 32. సడలింపులు ఉన్నవాళ్లకు ఉన్నాయి. ఇప్పుడు మామూలు విద్యార్థి లెక్క వేసి చూడండి. డిగ్రీకి 21, ఎమ్మెస్సీకి 23, నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకుని చేరేసరికి 24 లేదా 25, పీహెచ్‌డీకి ఐదారేళ్లు. అప్పటికే ముప్ఫై. పైన చెప్పినట్టు ఒక పోస్ట్‌డాక్ పేపర్‌కు మూడు నాలుగేళ్లు. అంటే ఏ పేపర్ చూపించి సైంటిస్ట్ పోస్టు అడగాలో ఆ పేపర్ వచ్చేసరికి ఆ పోస్టు వయసు దాటిపోతుంది. ఇందులో ఎవరి సోమరితనమూ లేదు. రెండు గడువులూ ఒకదాన్నొకటి చూసుకోకుండా పెట్టినవి.

బయటి దేశాల్లో ఎక్కువగా పీహెచ్‌డీ తేదీ నుంచో, పోస్ట్‌డాక్ మొదలైన రోజు నుంచో లెక్క. అమెరికాలో పోస్ట్‌డాక్‌ను సొంత ల్యాబ్ దాకా నడిపించే, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే99 గ్రాంటుకు పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకూడదు. ఆ దేశ పౌరులు కాకపోయినా దానికి దరఖాస్తు చేయొచ్చని మనవాళ్లలో చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. జే-1 వీసా మీద వెళ్తే రీసెర్చ్ స్కాలర్‌గా ఐదేళ్లే, కొందరికి ఆ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న షరతు. జీతం సంగతి చెప్పాలంటే, 2024లో కొత్త పోస్ట్‌డాక్‌కు ఎన్‌ఐహెచ్ నిర్ణయించిన మొత్తం ఏడాదికి 61,008 డాలర్లు. రూపాయల్లోకి మార్చి బంధువులు సంబరపడతారు. పెద్ద నగరాల్లో అద్దెకు ఎంత పోతుందో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు.

ఇక్కడే నేను చేసిన పొరపాటు చెప్పాలి. తిరిగొచ్చేవాళ్ల కోసం మన ప్రభుత్వం పెట్టినవి రామలింగస్వామి, రామానుజన్ ఫెలోషిప్‌లు. రెండూ ఐదేళ్లవి. రామానుజన్‌లో నెలకు 1,35,000 రూపాయలు, ఏటా 7 లక్షల పరిశోధన నిధి, వయసు 40 లోపు. దానికి దరఖాస్తు చేసే నాటికి విదేశంలో పని చేస్తూ ఉండాలి. మా నాన్నకు ఒంట్లో బాగోలేదని నేను హడావిడిగా వచ్చేశాను. ముందు ఇక్కడ ఆర్ఏగా చేరి, కుదురుకున్నాక దరఖాస్తు చేద్దామనుకున్నాను. చేరిన రోజుతోనే ఆ తలుపు మూసుకుపోయింది. అక్కడున్నప్పుడే, ఏదో ఓ శనివారం కూర్చుని ఆ నిబంధనలు చదివి ఉంటే ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టేదాన్ని. బయటికి వెళ్లడంలో నాకు కనపడే అసలు లాభం ఇదే. ల్యాబ్ గొప్పదా కాదా అన్నది తర్వాతి మాట. ఇక్కడే ఉన్నవాళ్లకు లేని రెండు దారులు తిరిగొచ్చేవాళ్లకున్నాయి. అది న్యాయమా అంటే, కాదనే నా అభిప్రాయం. ఇక్కడే ఉండి మంచి పని చేసినవాళ్లకు అంత బలమైన ఫెలోషిప్‌లు చాలా తక్కువ. బంజారాహిల్స్ కేంద్రంగా మొదలైన ఇండియా అలయన్స్ ఎర్లీ కెరియర్ ఫెలోషిప్ అలాంటి వాటిలో ఒకటి, అయితే పోటీ చాలా గట్టిది.

ప్రొఫెసర్ కుర్చీ

పోస్ట్‌డాక్ చేసే ప్రతి ఒక్కరి మనసులో మొదట ఉండేది ఇదే. కానీ ప్రొఫెసర్ ఉద్యోగం అని మనం ఒకే మాటతో పిలిచేది నిజానికి రెండు వేర్వేరు లోకాలు.

విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికకు యూజీసీ 2018 నిబంధనల్లో ఒక మార్కుల పట్టిక ఇచ్చారు. ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చడానికి నూరు మార్కుల లెక్క అది. డిగ్రీ, పీజీ మార్కులకు కలిపి 40 దాకా, పీహెచ్‌డీకి 30, నెట్‌తోపాటు జేఆర్ఎఫ్ ఉంటే 7. పరిశోధన పేపర్లు ఒక్కోదానికి 2 చొప్పున గరిష్ఠంగా 10. బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవం ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10. దీని అర్థం ఒకసారి ఆలోచించండి. నాలుగేళ్లు కోల్డ్ రూమ్‌లో కూర్చుని రాసిన పేపర్‌కు 2 మార్కులు, నాలుగు నెలల్లో రాసిన పేపర్‌కూ 2 మార్కులు. పదేళ్ల కిందటి డిగ్రీ మార్కులు ఈ రెండిటినీ మించి తూగుతాయి. ఇంటర్వ్యూ దాకా వెళ్తే పని నాణ్యత మాట్లాడుతుంది, నిజమే. అక్కడిదాకా వెళ్లాలంటే మాత్రం ఈ గుమ్మం దాటాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అయితే నియామకాలే ఏళ్ల తరబడి ఆగిపోయి, డిపార్ట్‌మెంట్లు కాంట్రాక్టు అధ్యాపకుల మీద నడుస్తున్న సంగతి ఉస్మానియాలో చదివిన ఎవరిని అడిగినా చెబుతారు.

పరిశోధన సంస్థల లెక్క వేరు. సీసీఎంబీ, టీఐఎఫ్‌ఆర్, ఐసర్‌ల వంటి చోట్ల మార్కుల పట్టిక కన్నా పరిశోధన ప్రణాళిక, సెమినార్, సిఫార్సు లేఖలు బరువు. జీతంలోనూ తేడా ఉంది. యూజీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలైతే, ఐఐటీ, ఐసర్‌లలో గ్రేడ్-1 అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది 1,01,500తో మొదలవుతుంది. సెమినార్ అయ్యాక అక్కడ దాదాపు ఖాయంగా వచ్చే ప్రశ్న ఒకటుంది: ఇందులో మీ బాస్ ఆలోచన ఏది, మీది ఏది?

దీనికి జవాబు ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి తయారు కాదు. పోస్ట్‌డాక్‌లో చేరేటప్పుడే ప్రొఫెసర్‌ను మర్యాదగానే అడగాలి: "సార్, నేను వెళ్లేటప్పుడు ఈ పనిలో ఏ భాగం నాతో తీసుకెళ్లొచ్చు?" మన పద్ధతిలో గురువును అలా అడగడం ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. నేను అడగలేదు. చివరికి నేను ఎనిమిది నెలలు కొట్టుకుని కరిగించిన ప్రొటీన్ మీద, నా తర్వాత చేరిన ఇంకొకరు సొంత ల్యాబ్ మొదలుపెట్టారు. అతను నన్ను మోసం చేయలేదు, ప్రొఫెసర్‌ను ముందుగా అడిగాడు, అంతే. అప్పుడే నోరు తెరిచి అడిగి ఉండాల్సింది అని ఇప్పటికీ అనుకుంటాను.

జీనోమ్ వ్యాలీ వైపు

హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీ చదివినవాళ్ల అదృష్టం ఏమిటంటే, వాళ్ల చేతిపనికి గిరాకీ ఉన్న కంపెనీలు ఊరి అంచునే, జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ ప్రాంతంలోనూ దాని చుట్టుపక్కలా ఉన్నాయి. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను ఈస్ట్‌లో పెంచిన ప్రొటీన్‌తో తెచ్చింది. డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి తనదైన రూపం తెచ్చింది. బయోలాజికల్-ఇ కోర్బెవ్యాక్స్ టీకాకు 2021 డిసెంబరులో అత్యవసర అనుమతి వచ్చింది, అదీ ఈస్ట్‌లో పెరిగిన ప్రొటీనే. టీకాలు, బయోసిమిలర్లు (ఉన్న ప్రొటీన్ మందులకు దగ్గరి నకళ్లు), వాటిని పరీక్షించే కాంట్రాక్టు రీసెర్చ్ కంపెనీలు, వీటన్నిటికీ ప్రొటీన్‌ను పెంచి, శుద్ధి చేసి, కొలిచే మనుషులు కావాలి.

అయితే ఆ చెయ్యి ఒకటే అయినా కళ్లు మార్చుకోవాలి. నా మొదటి కంపెనీ ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు నా ప్రొటీన్ గురించి చెప్పాను. విన్న పెద్దాయన రెండే అడిగారు. లీటరు కల్చర్‌కు ఎన్ని మిల్లీగ్రాములు వచ్చింది? మూడు బ్యాచ్‌లు చేస్తే మూడూ ఒకేలా వచ్చాయా? మొదటిదానికి చెప్పాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. మా ల్యాబ్‌లో బాగా వచ్చిన బ్యాచ్‌తో ప్రయోగం చేస్తాం, బాగా రానిది పారబోస్తాం. కంపెనీకి బాగా రాని బ్యాచ్ ఎందుకు రాలేదన్నదే అసలు విషయం, ఎందుకంటే ఆ మందు పదో బ్యాచ్‌దైనా నూరో బ్యాచ్‌దైనా రోగి ఒంట్లోకి వెళ్లేది అదే. ఆ రోజు వాళ్లు నన్ను తీసుకోలేదు. ఇంటికొచ్చి పాత నోట్‌బుక్‌లన్నీ తీసి, ఒకే ప్రొటీన్ పదకొండు సార్లు శుద్ధి చేసిన లెక్కలు ఓ పట్టికలో వేశాను. తర్వాతి ఇంటర్వ్యూలో స్లైడ్‌లలో ముందు పెట్టింది ఆ పట్టికే.

చేరాక ఇంకో అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది. మందుల తయారీకి పాటించాల్సిన జీఎంపీ నిబంధనల్లో, రాయనిది జరగనట్టే. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, పాత అంకె కనపడేలా ఒకే గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ, కారణం. ల్యాబ్‌లో టిష్యూ పేపర్ మీద బఫర్ లెక్కలు వేసుకున్న చేతికి ఇది మొదట్లో ఇరుకుగా ఉంటుంది. నాకు ఆరు నెలల్లో నచ్చింది. ఎవరు ఏం చేశారో పదేళ్ల తర్వాత కూడా తెలిసే పని అది.

కంపెనీల గురించి చేదు నిజం కూడా చెప్పాలి. పోస్ట్‌డాక్ ఏళ్లను చాలాచోట్ల పూర్తి అనుభవంగా లెక్కపెట్టరు. ఎమ్మెస్సీ కాగానే చేరి ఎనిమిదేళ్లు పని చేసిన మనిషి కింద, ఐదేళ్ల పోస్ట్‌డాక్ ఉన్న మీరు చేరాల్సి రావచ్చు. ఆ మనిషికి మీకన్నా ఎక్కువ తెలుసు కూడా. అందుకే కంపెనీకే వెళ్లాలనుకుంటే ఒక పోస్ట్‌డాక్ చాలు, అది కూడా రెండు మూడేళ్లు మించకుండా. మూడో పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూలో వివరణ ఇచ్చుకోవాల్సిన విషయంగా మారుతుంది.

కంపెనీకి వెళ్లడమంటే ఓడిపోవడమనే మాట ల్యాబ్‌లలో ఇంకా వినపడుతుంది. ఆ మాట అనేవాళ్లకు నేను భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తుచేస్తాను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో చెప్పిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో చేసే ఉంటారు, నీలం రంగు వచ్చేది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ గురించిన పని ఆ తర్వాతిది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన కుర్చీ ఇవ్వలేదు. 1940లో, నలభై ఐదేళ్ల వయసులో, లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన నడిపించిన పనిలోంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్ వచ్చాయి. 1948లో చనిపోయే నాటికి ఎనిమిదేళ్లే ఆయన కంపెనీలో ఉన్నది. మన జిల్లాల్లో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి మింగించే బోదకాలు మాత్ర ఆ ఎనిమిదేళ్లలోదే.

మిగతా దారులు క్లుప్తంగా చెబుతాను, నాకు దగ్గరగా తెలిసినవి కావు కాబట్టి. పేటెంట్ల వైపు వెళ్లేవాళ్లున్నారు. సైన్స్ డిగ్రీ ఉంటే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. మెడికల్ రైటింగ్‌లో స్థిరపడ్డవాళ్లు నా బ్యాచ్‌లోనే ఇద్దరు. సొంత ఆలోచన ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆస్పైర్-బయోనెస్ట్, సీసీఎంబీ పక్కన ఏఐసీ, తుర్కపల్లిలో ఐకేపీ లాంటి, కొత్త కంపెనీలకు చోటిచ్చే ఇంక్యుబేటర్లలో బెంచ్ అద్దెకు దొరుకుతుంది.

ఒక విషయం మాత్రం క్లుప్తంగా వదలలేను. ముప్ఫై నుంచి ముప్ఫై ఐదు దాకా ఉండే ఈ ఏళ్లే పెళ్లి, పిల్లల ఏళ్లు కూడా. ఆర్ఏలకు ప్రసూతి సెలవు నిబంధనల్లో ఉంది. కానీ ప్రాజెక్టు ముగింపు తేదీ ఆ సెలవు కోసం ఆగదు. మాతో పాటు ఆర్ఏగా ఉన్న ఒకామె సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ప్రాజెక్టుకు ఏడు వారాలే మిగిలాయి. మళ్లీ మొదలుపెట్టాలనుకునే మహిళలకు డీబీటీ బయోకేర్, డీఎస్‌టీ వైజ్-పీడీఎఫ్ అనే ఫెలోషిప్‌లు ఉన్నాయి. వీటి గురించి తెలియక ల్యాబ్ వదిలేసినవాళ్లను చూశాను. ఇంట్లో పిల్లను చూసుకుంటున్న మీ పాత ల్యాబ్‌మేట్ ఎవరైనా ఉంటే ఈ రెండు పేర్లు చెప్పండి.

మా జూనియర్ ఇంకా తేల్చుకోలేదు. హబ్సిగూడ ప్రాజెక్టుకు 14 నెలలే మిగిలాయని తెలిసింది. జర్మనీ ప్రొఫెసర్‌కు, పని తనతో తీసుకెళ్లడం గురించి మెయిల్ పెట్టింది. ఆయన చాలా సూటిగా, ఏది ఇవ్వగలరో ఏది ఇవ్వలేరో రాసి పంపారు. నేను అడగమన్న మూడో ప్రశ్న, ఆ రెండు ల్యాబ్‌ల నుంచి గత ఐదేళ్లలో వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారన్నది. దాన్ని ఆమె ప్రొఫెసర్లను అడగలేదు, నేరుగా వెళ్లినవాళ్లనే వెతికి పట్టుకుంది. తొమ్మిది మంది పేర్లు దొరికాయి, నలుగురు జవాబిచ్చారు. జవాబు ఇవ్వనివాళ్లలో ఒకతను ఇప్పుడు మా కంపెనీలోనే, పక్క బ్లాకులో క్వాలిటీ విభాగంలో ఉన్నాడు. రేపు లంచ్‌లో కనపడితే ఆమె నంబరు ఇవ్వాలి.